బూడిద చెరువు, ఇటుక బట్టీ

విజయవాడకు పడమటి దిక్కున ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి బొగ్గు మండుతూ వున్నది. నార్ల తాతారావుగారి పేరు దాల్చిన ఆ థర్మల్ విద్యుత్ కేంద్రపు తొలి యూనిట్ శక్తి 210 మెగావాట్లు. 2023లో చేరిన ఎనిమిదవది ఒక్కటే 800 మెగావాట్లు. భారతదేశపు బొగ్గులో బూడిద పాలు హెచ్చు. మూడు టన్నులు కాలిస్తే ఇంచుమించు ఒక టన్ను బూడిద మిగులుతుంది. ఆ బూడిదను నీటితో కలిపి చెరువులలోకి పంపుతారు. చెరువు ఎండినప్పుడు వేసవిగాలి దానిని పొరుగు గ్రామాల ఇండ్లపైకి తెస్తుంది.

ఇదే డెల్టాలో ఇటుక బట్టీలు కూడ వున్నవి. కృష్ణ వేల యేండ్లుగా మోసుకువచ్చి పరచిన ఒండ్రుమట్టిని పొలం పైనుంచి గీకి, కోసి, కాల్చుతున్నారు. కాలిన మట్టిలో మళ్లీ గింజ మొలవదు. సున్నంతోనో సిమెంటుతోనో కలిపితే కాల్చకుండానే ఇటుకగా మారగల బూడిద ఒక ప్రక్క గుట్టలు పడి వుండగా, అన్నం పెట్టే మట్టి మరొక ప్రక్క బట్టీపాలవుతున్నది. ఇట్టి లెక్క బడిపిల్లవాడు చేసివుంటే ఉపాధ్యాయుడు సున్న వేయక మానడు.

బూడిద సిమెంటుకు తోడు కావడంలో వింత యేమీ లేదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడిపడుతుంది. దానివల్ల కట్టడానికి బలం అంతగా చేకూరదు. మెత్తని బూడిదలోని సిలికా ఆ సున్నాన్ని పట్టి, మరికొంత బంధకద్రవ్యంగా మారుస్తుంది. రోమకులు నేపుల్స్ చెంత పొజ్జోలీలో దొరికే అగ్నిపర్వత భస్మాన్ని సున్నంలో కలిపి కట్టినవి నేటికీ నిలిచి వున్నవి. తెలుగు మేస్త్రీల తాతలు గానుగ సున్నంలో సుర్కీ, అనగా ఇటుకపొడి, కలిపినదీ ఈ న్యాయాన్ని బట్టియే. సూత్రం తెలియకపోయినా వారి చేతికి తెలుసు.

డెల్టాకు మరొక బూడిద కూడ సొంతం. ధాన్యపు బరువులో అయిదవ వంతు ఊక. ఊకలో అయిదవ వంతు బూడిద. ఆ బూడిదలో అధికభాగం సిలికాయే. అయితే మితిమీరిన వేడిమిలో కాలిన ఊకలో సిలికా స్ఫటికమై, సున్నంతో చురుకుగా కలియదు. సుమారు 700 డిగ్రీలు మించకుండ అదుపుగా కాల్చాలి. మిల్లు వెనుక కనబడిన ప్రతి బూడిదా సిమెంటుకు పనికిరాదు సుమా! ఇబ్రహీంపట్నపు బూడిదకూ ఇదే మాట వర్తిస్తుంది. పొగగొట్టం చేరకముందే పొడిగా పట్టిన మెత్తని బూడిద సిమెంటుకు తగినది. చెరువులోని ముతక బూడిదకు రోడ్డు కట్టలూ, పల్లపు నేలలూ తగిన చోట్లు.

జగ్గయ్యపేట చుట్టుపట్ల సున్నపురాయిని కాల్చే సిమెంటు కర్మాగారాలు వున్నవి. ఒక టన్ను క్లింకరు తయారైతే 800 కిలోలకు పైబడి బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అందులో సగానికి మించినది రాతినుంచే వస్తుంది గనుక ఇంధనం మార్చినంత మాత్రాన అది తీరదు, క్లింకరునే తగ్గించాలి. భారత ప్రమాణాలు పొజ్జొలానా సిమెంటులో నూటికి 15 నుంచి 35 పాళ్ల వరకు బూడిదను అనుమతిస్తున్నవి.

ఇంతవున్నా ఇల్లు కట్టించేవారికి బూడిద సిమెంటంటే అనుమానం తీరలేదు. దానికి కారణం కొంత లేకపోలేదు: దీని బలం మొదట మెల్లగా వస్తుంది. వారాలు గడిచిన కొద్దీ అందుకుంటుంది. బందరు వైపు ఉప్పునేలలలో లోపలి ఇనుమును తుప్పునుంచి మెరుగుగా కాపాడుతుంది. అందుకు తగినన్ని దినాలు నీళ్లు కొట్టాలి. వేడి, పొడి వాతావరణంలో పద్నాలుగు రోజులు తడపడం మంచిదని ప్రమాణగ్రంథమే చెబుతున్నది. నాలుగు రోజులకే నీళ్లు మాని, బలం రాలేదని బూడిదను నిందించడం అన్యాయం.

విద్యుత్ కేంద్రాల బూడిదను వాడాలని కేంద్రప్రభుత్వం 1999లో ఉత్తరువిచ్చినది. 2021 డిసెంబరులో నూటికి నూరుపాళ్లూ వాడాలన్నది. ఉత్తరువు ఢిల్లీలో వుంటే గోడ ఇక్కడ లేస్తుంది. పాఠశాల గదులకు టెండరు పిలిచినప్పుడు బూడిద ఇటుకను పేర్కొని, పద్నాలుగు రోజుల నీళ్లకూలిని వేరే పద్దుగా చూపితే, మేస్త్రీ నాలుగవనాడే పని ఎందుకు ఆపుతాడు?