చలిదేశపు పెరటిలో అరటి

మనం అరటిని గెల కోసం నాటుతాము. బ్రిటన్ వంటి చలిదేశాల పెరళ్ళలో ఆ ఆశ పెట్టుకోరాదు. అక్కడ ఆరుబయట తట్టుకొని నిలిచేది దక్షిణ చైనాలో పుట్టిన 'మూసా బస్జూ' అనే రకం. దాని కాయలు తినడానికి పనికిరావు. విశాలమైన ఆకుల కోసమే దానిని పెంచుతారు.

గడ్డమంచు సోకగానే ఆ ఆకులు నల్లబడి వాలిపోతాయి. చెట్టు చచ్చిందనుకొని తొందరపడి పెకలించరాదు. మనం కాండమనుకునేది దొప్పల చుట్ట మాత్రమే. ప్రాణమంతా నేలలోని దుంపలో ఉంటుంది. కనుక వాడిన ఆకులు కోసివేసి, కాండానికి ఎండుగడ్డి చుట్టి, అది తడవకుండా పైన కప్పాలి. మొదట్లో ఆకుచెత్తను మందంగా పరచాలి. అక్కడ నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది.

కాండం చలికి పోయినా, దుంప నిలిస్తే చాలు. వాతావరణం వేడెక్కగానే పిలకలు లేస్తాయి. అంతవరకు మనం ఓపిక పట్టాలి.