డయాలసిస్ మొదలైందా? పాత పథ్యం కాగితం తీసెయ్యండి!

మా పెద్ద వదినగారి వంటింట్లో, పప్పుల డబ్బాలుండే అలమర తలుపుకి లోపలివైపు ఓ కాగితం అంటించి ఉండేది. అన్నయ్యగారికి కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసిన రోజున డాక్టరుగారు చెప్పినవన్నీ ఆవిడ గుండ్రటి అక్షరాలతో రాసుకున్న కాగితమది. "పప్పు తగ్గించాలి. గుడ్డు, చేప, మాంసం మానాలి. పాలు అరగ్లాసే. ఉప్పు చిటికెడు." రెండేళ్ళపాటు ఆవిడ ఆ గీత దాటలేదు. ఆయన ముందు తినడం ఇష్టంలేక తనూ చేప మానేశారు.

ఆ తర్వాత డయాలసిస్ మొదలైంది. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు. మందులు మారాయి, ఇంట్లో భోజనాల వేళలు మారాయి, పిల్లల సెలవుల ప్రయాణాలు కూడా ఆగిపోయాయి. మారనిది ఒక్కటే. అలమర తలుపు మీది కాగితం.

ఆరు నెలల తర్వాత మేం చూడ్డానికి వెళ్ళాం. గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి నా గుండె ఝల్లుమంది. కణతలు లోపలికి పోయాయి. చొక్కా కాలరు మెడచుట్టూ వదులుగా వేలాడుతోంది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. వదినగారు మాత్రం సంబరంగానే ఉన్నారు. "బరువేం తగ్గలేదమ్మాయ్! అప్పుడూ అరవయ్యే, ఇప్పుడూ అరవయ్యే. క్రియాటినిన్ తొమ్మిది నుంచి ఆరుకి దిగింది చూడు. పథ్యం పనిచేస్తోంది" అంటూ రిపోర్టు చేతికిచ్చారు.

ఆ నెలలోనే ఓ అర్ధరాత్రి అన్నయ్యగారికి ఆయాసం వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. అక్కడ డైటీషియన్ అమ్మాయి "ఏం పెడుతున్నారాంటీ?" అని అడిగిందట. వదినగారు చెప్పారట, "మెత్తటి అన్నం, ఉడికించిన బీరకాయ, పల్చటి మజ్జిగ. ఇంకేం ముట్టనివ్వలేదమ్మా" అని. ఆ అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత మెల్లిగా, "అది డయాలసిస్‌కి ముందరి పథ్యం ఆంటీ. ఈ ఆరు నెలలూ ఆయన సగం పస్తులున్నట్టే" అందట.

"నా చేతులారా నేనే మాడ్చానే" అని వదినగారు ఫోన్లో ఏడ్చిన ఏడుపు నేనింకా మర్చిపోలేదు. తప్పు ఆవిడది కాదు. కాగితం రాసుకోమన్నవాళ్ళున్నారు గానీ, దాన్ని తీసెయ్యమన్నవాళ్ళు లేరు. మీలో ఎవరింట్లోనైనా అలాంటి కాగితం ఉందేమోనని ఈ వారం ఇదంతా రాస్తున్నాను.

ముందొక పథ్యం, తర్వాత ఇంకో పథ్యమా?

అవునండీ, దాదాపు తలకిందులే. మనం తిన్న మాంసకృత్తులు ఒంట్లో వాడుకోగా మిగిలే చెత్తలో ముఖ్యమైనది యూరియా. దాన్ని బయటికి పంపేది కిడ్నీలు. కిడ్నీలు అలిసిపోతున్న దశలో వాటి మీద బరువు తగ్గించడానికి పప్పు, మాంసం తగ్గించమంటారు. అప్పటికది సరైన సలహాయే.

డయాలసిస్ మొదలయ్యాక ఆ చెత్తని మిషను తీసేస్తుంది. కానీ మిషనుకి మంచీ చెడూ తెలియదు. చెత్తతోపాటు కండ కట్టడానికి పనికొచ్చే అమైనో ఆమ్లాలని కూడా లాగేస్తుంది. ఒక్కో డయాలసిస్‌లో సుమారు 6 నుంచి 12 గ్రాముల దాకా పోతాయి. అంటే ఒకటి రెండు గుడ్లలో ఉండే మాంసకృత్తులు, వారానికి మూడుసార్లు! ఇంట్లోనే పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే పద్ధతిలోనూ రోజూ ఆ ద్రవంతో మాంసకృత్తులు పోతూనే ఉంటాయి.

దీనికితోడు రక్తంలో ఆమ్లం పేరుకుంటే అది కండని కరిగిస్తుంది. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. డయాలసిస్ రోజున ఓ పూట భోజనం ఎలాగూ పోతుంది. వాటన్నిటి మీదా మన కఠిన పథ్యం! శరీరం ఏం చేస్తుంది పాపం? తన కండని తానే తింటుంది. ఈ స్థితికి కిడ్నీ పోషకాహార నిపుణుల అంతర్జాతీయ సంఘం 2008లో 'ప్రోటీన్ ఎనర్జీ వేస్టింగ్' అని ఓ పేరు ప్రతిపాదించింది. మన మాటల్లో చెప్పాలంటే ఒంట్లో కండా, సత్తువా రెండూ హరించుకుపోవడం. ఇలా చిక్కిపోయినవారికి జబ్బులు తొందరగా అంటుకుంటాయి, గాయాలు ఆలస్యంగా మానుతాయి, ప్రాణానికే ముప్పు పెరుగుతుంది.

మరి బరువు తగ్గలేదుగా?

ఇక్కడే వదినగారు మోసపోయారు. డయాలసిస్ అయ్యాక, ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువుని 'డ్రై వెయిట్' అంటారు. అన్నయ్యగారికి మొదట్లో అది 60 కిలోలు. ఆరు నెలల్లో నాలుగు కిలోల కండ పోయింది. కానీ మిషను దగ్గర పాత లెక్కే ఉండడంతో ఆ నాలుగు కిలోల చోటునీ నీరు ఆక్రమించింది. కాటా మీద అంకె మారలేదు, లోపల మనిషి మారిపోయాడు. ఆ రాత్రి ఆయాసానికి కారణం ఆ నీరే.

క్రియాటినిన్ సంగతీ అంతే. అది కండలోంచి పుట్టేది. డయాలసిస్ మీదున్నవారిలో అది నెలనెలా తగ్గుతోందంటే సంబరపడకండి. కండ తగ్గుతోందేమో డాక్టరుగారినడగండి. రక్తంలో 'ఆల్బుమిన్' ఎంతుందో కూడా చూడమనండి. 3.5 కంటే తక్కువుంటే తిండి సంగతి పట్టించుకోవాలి. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క అంకెనే పట్టుకోకూడదు.

ఇంట్లో మనం చూడగలిగేవి వేరే ఉన్నాయి. కణతలు గుంటలు పడడం, ఉంగరం జారిపోవడం, బొందు రోజురోజుకీ బిగించి కట్టుకోవాల్సిరావడం, చేత్తో ఆనకుండా లేవలేకపోవడం. ఇవి కాటాకి తెలియవు, రోజూ చూసే ఇల్లాలికి తెలుస్తాయి.

ఎంత పెట్టాలి?

డయాలసిస్ మీదున్నవారికి రోజుకి, కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. శక్తి కిలోకి 25 నుంచి 35 కాలరీలు. ఇదేదో లెక్కల పాఠంలా ఉందనుకోకండి, కంచంలోకి దింపితే ఇలా ఉంటుంది:

300 గ్రాముల బియ్యం వండిన అన్నం, టిఫిన్లు కలిపి - సుమారు 20 గ్రాములు
నాలుగు గుడ్ల తెల్లసొన - 14 గ్రాములు
100 గ్రాముల చేప గానీ చికెన్ గానీ - 20 గ్రాములు
ఓ చిన్న కప్పు పప్పు - 6 గ్రాములు
200 గ్రాముల పెరుగు - 6 గ్రాములు

మొత్తం 66. శాకాహారులైతే చేప బదులు ఇంట్లో విరగ్గొట్టి చేసిన పనీరు వాడొచ్చు. పాలలోని పొటాషియం చాలావరకు ఆ విరిగిన నీళ్ళతోనే పోతుంది. గుడ్డు తినేవాళ్ళకి తెల్లసొన దేవుడిచ్చిన వరం. పచ్చసొనలో ఉండే ఫాస్ఫరస్ దాన్లో దాదాపు లేదు, మంచి మాంసకృత్తులు మాత్రం ఉన్నాయి.

అలాగని అన్నీ పెట్టేయకండి

పాత కాగితంలో తీసెయ్యాల్సింది మాంసకృత్తుల నిషేధమే. ఉప్పు, నీళ్ళు, పొటాషియం, ఫాస్ఫరస్‌ల జాగ్రత్త అలాగే ఉంటుంది.

నీరసంగా ఉన్నాడని కొబ్బరినీళ్ళు పట్టించడం మనకి అలవాటు. ఉద్దానం వైపు ప్రతి పెరట్లోనూ కొబ్బరిచెట్టే, ఆ ప్రాంతంలోనే కిడ్నీ రోగులూ ఎక్కువ. దయచేసి డయాలసిస్ మనిషికి కొబ్బరినీళ్ళివ్వకండి. దాన్లోని పొటాషియం రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. అరటిపండు, మునగాకు, టమాటా, చింతపండు ఈ జాబితాలోవే. పులుపు కావాలంటే నాలుగు నిమ్మ చుక్కలు పిండండి. కూరగాయలు చిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండండి. పప్పు కూడా నానబెట్టి, నీళ్ళు ఒంపేసి ఉడికించండి.

'ఆరోగ్యానికి మంచిది' అని అమ్మే లో-సోడియం ఉప్పు జోలికి అసలు పోకండి. సోడియం తగ్గించి దాన్లో కలిపేది పొటాషియమే. సైంధవ లవణం కూడా ఉప్పే, చిటికెడు దాటకూడదు.

మాంసకృత్తులు పెంచితే ఫాస్ఫరస్ కొంత పెరుగుతుంది. దానికి తిండి మానడం మందు కాదు. డాక్టరు ఫాస్ఫరస్ మాత్ర రాసిస్తే దాన్ని అన్నంతోపాటే వెయ్యాలి. తిన్న రెండు గంటలకి వేసుకుంటే ఏం లాభం? కూల్‌డ్రింకులు, పొట్లాల్లో వచ్చే చిరుతిళ్ళు మాత్రం మానిపించండి. వాటిలో కలిపే ఫాస్ఫేటు చాలా తేలిగ్గా ఒంటికి పడుతుంది.

చారు, మజ్జిగ, పాలు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తాయని మర్చిపోకండి. అందుకే పల్చటి మజ్జిగకన్నా గట్టి పెరుగు మేలు.

తినబుద్ధి కావట్లేదంటే?

మూడుసార్లు కంచం నిండా కాకుండా ఆరుసార్లు గుప్పెడు చొప్పున పెట్టండి. నోరు చేదుగా ఉన్నవారికి వేడివేడి వాటికన్నా చల్లారినవి నయం. డయాలసిస్‌కి బయల్దేరేముందు టిఫిన్ తప్పనిసరి. వెంట ఓ చిన్న డబ్బా కట్టివ్వండి. మిషను మీద ఉండగా తినొచ్చో లేదో అక్కడి నర్సునడగండి, కొందరికి ఆ సమయంలో తింటే బి.పి. పడిపోతుంది. అలాంటివారు అయిపోయాక తినాలి. షుగరు ఉన్నవారికి తీపితో కాక నూనెతో బలం చేర్చాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ, దేశమంతటా 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చాక మిషను చాలామందికి అందుబాటులోకి వచ్చింది. మిషను రక్తాన్ని శుభ్రం చేస్తుంది గానీ కడుపు నింపదు. ఆ పని మన వంటింటిదే.

గుడ్డు తెల్లసొన పొరటు

నాలుగు తెల్లసొనలు, చిన్న ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ, రెండు చెంచాల నూనె, ఆవాలు, కరివేపాకు, మిరియాల పొడి, అర నిమ్మచెక్క. నూనెలో ఆవాలు, కరివేపాకు వేగాక ఉల్లి, మిర్చి ముక్కలు మగ్గనిచ్చి, తెల్లసొన పోసి సన్నటి సెగ మీద కలుపుతూ పొరటండి. దించాక మిరియాల పొడి చల్లి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. మిరియం, నిమ్మ ఉన్నాయి కాబట్టి ఉప్పు లేని లోటు అంతగా తెలియదు. శాకాహారులు పనీరు తురుముతో ఇలాగే చేసుకోవచ్చు.

చివరగా ఓ ముఖ్యమైన మాట. ఇదంతా డయాలసిస్ మీద ఉన్నవారికే. ఇంకా ఆ దశకి రానివారికి ఈ లెక్కలు వర్తించవు, వాళ్ళు డాక్టరు చెప్పిన పాత కాగితమే పాటించాలి. డయాలసిస్ మీదున్నవారు కూడా తమ రిపోర్టులు డైటీషియన్‌కి చూపించి, తమ కాగితం తమకే రాయించుకోవాలి.

మా అన్నయ్యగారి సంగతా? డ్రై వెయిట్ 56కి సరిచేశారు. ఐదు నెలల్లో 58కి వచ్చారు. ఈసారి వచ్చిన రెండు కిలోలు నీరు కాదని డాక్టరుగారే చెప్పారు. ఆల్బుమిన్ 2.9 నుంచి 3.6 అయింది. వారానికి మూడురోజులు మిషను తప్పదు, కానీ కుర్చీలోంచి చెయ్యి ఆనకుండా లేస్తున్నారు. మొన్న వెళ్ళినప్పుడు వంటింట్లోంచి చేప వేపుడు వాసన వచ్చింది. అలమర తలుపు తీసి చూశాను. కొత్త కాగితం అంటించి ఉంది. పైన వదినగారి గుండ్రటి అక్షరాలతో తారీఖు, దానికింద "మూడు నెలలకోసారి అడిగి మార్చాలి" అని ఉంది.

మీరూ ఓసారి మీ అలమర తలుపు తీసి చూసుకోండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.