మారిషస్‌లో ఆరు గంటలు

శీర్షిక: తీరం కబుర్లు

"ఎప్పుడూ ఎడారి కబుర్లేనా, ఈసారి కాస్త పచ్చని చోటు గురించి రాయండి" అని కిందటి పిక్నిక్‌లో మన పిల్లలు కొందరు అడిగారు. దమ్మామ్ వాళ్లకు దీవి అంటే కోర్నిష్ దగ్గరి మర్జాన్ దీవే కదా! సముద్రాన్ని పూడ్చి కట్టినది. సాయంత్రం కారేసుకుని వెళ్లి, చాప పరిచి, పులిహోర తిని, తొమ్మిదింటికల్లా ఇల్లు చేరతాం. అసలైన ఉష్ణమండల దీవి ఒకటి నేను ఈ ఊరికి రాకముందు చూశాను. అప్పట్లో ఒక విహార నౌక వంటశాలలో పని. 2017లో మా ఓడ మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ రేవులో ఆగింది.

ఓడలో పనిచేసిన వాళ్లను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "జీతమిచ్చి దేశాలన్నీ చూపిస్తారట కదా?" చూపిస్తారు, గుండ్రటి కిటికీలోంచి! మా పడకలు నీటిమట్టానికి దగ్గరగా, అట్టడుగు అంతస్తుల్లో ఉండేవి. ఓడ ఆ చివర నుంచి ఈ చివరకు సిబ్బంది నడిచే పొడవాటి దారి ఒకటుంటుంది. చాలా ఓడల్లో దాన్ని అమెరికాలోని పెద్ద రహదారి పేరుతో 'ఐ-95' అంటారు. ఉల్లిపాయల బస్తాలు, దుప్పట్ల బళ్లు, మనుషులు అన్నీ అందులోనే. ఒప్పందం ఆరు నుంచి తొమ్మిది నెలలు. అందులో ఆదివారమంటూ ఉండదు. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం 2006లో కుదిరి, 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఓడ పనికి అడ్డు రానంతవరకు రేవులో దిగి తిరిగే హక్కు కూడా అందులోనే ఉంది.

ఆ 'అడ్డు రానంతవరకు' అన్న మాటలోనే మా అదృష్టం అంతా ఉండేది. రేవులో ఉన్నప్పుడు కూడా ప్రమాదం వస్తే చూసుకోవడానికి సిబ్బందిలో కొంతమంది ఓడ మీదే ఉండాలి. ఆ జాబితాలో పేరు లేకపోతే, మధ్యాహ్నం వంట మరొకరు చూస్తామంటే, అప్పుడు దిగొచ్చు. పాస్‌పోర్టులు ఓడ ఆఫీసులో ఉంటాయి. మన చేతిలో ఉండేది ఒక్క కార్డు. దిగేటప్పుడు గీయాలి, ఎక్కేటప్పుడు గీయాలి. ప్రయాణికులకంటే ముందే వెనక్కి రావాలి. ఆ రోజు నాకు దొరికింది ఆరు గంటలు.

తోటివాళ్లు బీచికి పోయారు. ఫిలిప్పీన్స్ కుర్రాళ్లకు కావలసింది ఇంటికి ఫోను చేసుకోవడానికి ఇంటర్నెట్టు. నేను కాడన్ వాటర్‌ఫ్రంట్ మీదుగా ఊళ్లోకి నడిచాను. ఒకవైపు నీలం సముద్రం, మరోవైపు మబ్బు కప్పిన కొండలు. గాలిలో తేమ చూస్తే అచ్చం మా తాళ్లరేవు శ్రావణమాసమే.

రేవు పక్కనే 'ఆప్రవాసీ ఘాట్' ఉంది. ఒకప్పుడు దాన్ని కూలీ ఘాట్ అనేవారట. నల్లరాతి గోడలు, సముద్రంలోంచి పైకి వచ్చే కొన్ని రాతి మెట్లు, అంతే. చూడ్డానికి పెద్ద విశేషమేమీ కనిపించదు. కానీ 1834లో మొదలై 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు భారతదేశం నుంచి ఈ దీవికి వచ్చారు. కొందరు ఇక్కడ చెరకు తోటల్లో ఉండిపోయారు, కొందరిని ఇక్కడి నుంచి వేరే దీవులకు పంపారు. 2006లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అందులో మనవాళ్ల కథ మా ఊరి పక్కనుంచే మొదలవుతుంది. 1839 తుఫాను, ఉప్పెన కోరంగి రేవును దెబ్బతీశాయి. నాలుగేళ్ల తర్వాత, 1843లో, 'కొరింగా పాకెట్' అనే ఓడలో తెలుగు కూలీలు మారిషస్ చేరారు. తర్వాత గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి ఇంకా వచ్చారు. అందుకే అక్కడ తెలుగువాళ్లను చాలాకాలం 'కొరంగీలు' అన్నారు. బర్మాలో కూడా అదే పేరు. మాకు కోరంగి అంటే మడ అడవులు, పీతలు. అక్కడ అది ఒక జాతి పేరు!

ఆ కూలీకి నెలకు 5 రూపాయలు, బియ్యం, పప్పు. పేరుకు పక్కన ఒక నంబరు. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం ముగిసిన పాత కూలీ కూడా తన ఫొటో అంటించిన టికెట్టు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా రోడ్డు మీద దొరికితే దేశదిమ్మరి అని పట్టుకుపోయేవారు. ఆ ఫొటోలు ఇప్పటికీ మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అది తెలిసినప్పుడు నా చెయ్యి జేబులోని ఓడ కార్డు మీదకు పోయింది. ఇప్పుడు ఇఖామా తీసి చూపిస్తున్నప్పుడల్లా అది గుర్తొస్తుంది. అయితే ఒక్క పెద్ద తేడా ఉంది. ఓడవాళ్లకూ మనకూ పని అయిపోయాక ఇంటికి తిరుగు టికెట్టు ఉంటుంది. వాళ్లకు తిరుగు ప్రయాణం ఉచితంగా ఇచ్చే పద్ధతి 1850లలోనే ఆగిపోయింది. రేపు వెళ్తాం, వచ్చే పంటకు వెళ్తాం అనుకుంటూ ఉండిపోయినవాళ్లు ఎందరో!

ఫ్రెంచి భాషలో రాసే ప్రసిద్ధ నవలా రచయిత్రి నతాషా అప్పానా ఆ తెలుగువాళ్ల సంతతే. 1872లో వచ్చిన తన పూర్వీకుల గురించి ఆమె 2023లో ఒక పుస్తకం రాశారు. ఇంటిపేరులో మన అప్పన్న ఉన్నాడు. రాసే భాష మాత్రం ఫ్రెంచి.

సెంట్రల్ మార్కెట్లో కూరగాయలమ్మే ఒక పెద్దావిడ నన్ను ఓడ మనిషినని పోల్చి, ఏ ఊరని ఇంగ్లీషులో అడిగింది. కోరంగి దగ్గర అన్నాను. "కొరంగీ!" అని చేతిలో తక్కెడ కింద పెట్టేసింది. ఆమెకు తెలుగులో మాట్లాడ్డం రాదు, ఇంట్లో క్రియోల్ భాష. కానీ సింహాద్రి అప్పన్న పూజ తెలుసు, అమ్మోరు పండుగ తెలుసు. దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడే రామభజనం పాటలు నోటికి వచ్చు. ఉగాదికి దేశమంతా సెలవని గర్వంగా చెప్పింది. మనవరాలు బళ్లో తెలుగు చదువుతోందట. ఆపైన ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "మీ ఊళ్లో ఇప్పటికీ తెల్లవార్లూ పాడతారు కదా?"

"పాడతారమ్మా, తగ్గింది. మైకులో రికార్డు పెడుతున్నారు" అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఊరు వదిలి వచ్చిన తాతలు చేసింది ఊళ్లో మానేస్తారని ఆవిడకు తోచలేదు. నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేసి, "ఓడ తప్పిపోతుంది, వెళ్లు బాబూ" అంది. ఆ 'బాబూ' ఒక్కటి తెలుగే.

ఓడెక్కాక రాత్రి పన్నెండు దాకా గిన్నెలు సర్దుతూ ఒక్కటే ఆలోచించాను. మాట్లాడే తెలుగు ఆ ఇంట్లో పోయింది, పాడే తెలుగు మిగిలింది. కారణం, పాటకు అక్కడ పని ఉంది. తెలుగు పాట లేకుండా ఆ పూజ సాగదు. భాషకు పని ఉన్నంత కాలం ఎవరో ఒకరు దాన్ని నేర్చుకుంటారు. పని లేని భాషను ఎంత ప్రేమించినా పెట్టెలో పట్టుచీరలా మడతల్లో చిరుగుతుంది.

మన పిల్లలకు 'తెలుగు నేర్చుకో' అని చెప్పి ఊరుకుంటున్నాం. వాళ్లకు తెలుగుతో పనేం పెట్టాం? అందుకే ఈ ఉగాదికి నాదొక మనవి. పంచాంగ శ్రవణంలో ఒక్కో రాశి ఫలం ఒక్కో పిల్ల చదవాలి. వేదిక మీద పిలుపులు పిల్లలే తెలుగులో పిలవాలి. పచ్చడి కొలతలు అమ్మమ్మకు ఫోను చేసి కనుక్కుని, తెలుగులో రాసి, వంట దగ్గర అంటించాలి. తప్పులు రానివ్వండి, పెద్దవాళ్లు నవ్వకుండా ఉంటే చాలు. మనకు తిరుగు టికెట్టు ఉందన్న ధీమాతో ఈ పని వాయిదా వేయకండి. టికెట్టు మనకు ఉంది. భాషకు లేదు.

వచ్చే సంచికలో మరో తీరం కబురుతో కలుద్దాం.