సమాధుల తోటలో తోట ఎక్కడ?



మన క్రైస్తవులం శ్మశానం అనే మాట ఎక్కువగా వాడం. సమాధుల తోట అంటాం. మన పెద్దలు పెట్టుకొన్న మంచి పేరు అది. కాని నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎండాకాలం ఆ తోటలోకి వెళ్లి చూడండి. సమాధులు ఉంటాయి, సర్కారు తుమ్మ ఉంటుంది, తోట మాత్రం ఉండదు. పెట్టె దింపి ప్రార్థన చేసే కాసేపు ముసలివాళ్లు నిలబడటానికి నీడ ఉండదు.

వాక్యంలో సమాధి, చెట్టు కలిసే కనబడతాయి. శారా చనిపోయినప్పుడు అబ్రాహాము 400 తులముల వెండి తూచి ఇచ్చి ఎఫ్రోను దగ్గర మక్పేలా పొలం కొన్నాడు. గుహతో పాటు ఆ పొలంలోని చెట్లు కూడా ఆ క్రయంలో చేరాయని ఆదికాండము 23వ అధ్యాయం చెబుతుంది. మన ప్రభువును ఉంచిన సమాధి కూడా తోటలోనే ఉంది (యోహాను 19:41). తిరిగి లేచిన ప్రభువును చూచి మగ్దలేనే మరియ తోటమాలి అనుకొన్నది.

ఇక మన సంగతి చూద్దాం. ఇంట్లో ఒకరు ప్రభువునందు నిద్రిస్తే జ్ఞాపకార్థ కూడిక పెడతాం. టెంటు, ఫ్లెక్సీ, భోజనాలు, ఆపైన గ్రానైటు సమాధి. ఉన్నవాళ్లకు ఫరవాలేదు. లేనివాళ్లు వడ్డీకి తెస్తున్నారు. భర్త మీది ప్రేమను ఒక విధవరాలు అప్పు చేసి చూపించుకోవలసి వస్తే అది సంఘమంతటికీ సిగ్గు. సమాధి కట్టవద్దని మేము అనడం లేదు. పేరు, తేదీలు చెక్కిన చిన్న రాయి చాలు. మిగిలిన ప్రేమ నలుగురికి పనికివచ్చే పని కావాలి అంటున్నాం.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను (అపొ. కా. 9:39). మీ నాన్న పిల్లల చదువు కోసం తపించినవాడైతే, ఆయన పేరున చర్చి వరండాలో సాయంత్రం పిల్లలను చదివించండి. మీ అమ్మ దారినపోయేవారికి నీళ్లిచ్చిన మనిషైతే, వేసవిలో బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టండి.

రాజస్థాన్‌లో పిప్లాంత్రి అనే ఊరుంది. అక్కడ సర్పంచిగా పనిచేసిన శ్యాంసుందర్ పాలీవాల్ కూతురు కిరణ్ చిన్న వయసులోనే చనిపోయింది. ఆ తండ్రి దుఃఖంలోంచి ఊరికి ఒక ఆచారం వచ్చింది: ఆడపిల్ల పుడితే 111 మొక్కలు నాటి ఊరంతా పెంచాలి. మన ఎర్ర చెలకల్లో చెట్లు ఎక్కడ బతుకుతాయి అంటారా? సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు సొంత భూమిలో దాదాపు 70 ఎకరాల అడవిని పెంచారు. అందుకు దశాబ్దాల ఓపిక పట్టింది.

ఆ ఓపికే మనకు కావాలి. నాటే రోజు ఫోటోకు అందరం వస్తాం. మూడో ఎండాకాలం కూడా బిందె మోసేవారే నిజంగా జ్ఞాపకం చేసుకొంటున్నవారు. 2018 పంచాయతీరాజ్ చట్టం కూడా నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని అడుగుతుంది. సంఘం అంతకంటే తక్కువ లెక్క చెప్పకూడదు.

కాబట్టి మా మనవి ఇది. మృగశిర తర్వాత గట్టి వాన పడగానే పంచాయతీ నర్సరీ నుండి వేప, కానుగ, నేరేడు, చింత మొక్కలు తెచ్చుకొందాం. సమాధుల మధ్య కాకుండా గట్టు వెంబడి నాటుదాం. అప్పుడు వేర్లు సమాధులను పగలగొట్టవు, రేపటివారికి చోటు మిగులుతుంది. మేకలు తినకుండా ముళ్లకంప కడదాం. మూడు ఎండాకాలాలు ఆ కుటుంబం నీళ్లు పోయాలి. వారికి చేతకాకపోతే యౌవనస్థుల కూటం పోయాలి. చెట్టుకు పేరుపలక వద్దు. నా అన్నవారు లేనివారి సమాధికీ ఆ నీడ చెందాలి.

నీళ్లు పోసినంత మాత్రాన దుఃఖం తీరదు. కాని ఇంట్లో ఒంటరిగా కూర్చొన్న మనిషి లేచి, బిందె పట్టుకొని, మరో నలుగురితో కలిసి నడుస్తాడు. ఓదార్పు చాలాసార్లు అలాగే మొదలవుతుంది.

సమస్తమైన ఆదరణను అనుగ్రహించు దేవుడు దుఃఖములోనున్న ప్రతి కుటుంబాన్ని ఆదరించును గాక. ఆమెన్.