దుకాణం ఎవరి పేరున ఉంది?

మంగళగిరిలో ఇంటి దగ్గరే చీరలు అమ్ముకునే ఒకామె ఉందనుకోండి. సాయంత్రం ఏడైంది. కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది: ఆకుపచ్చ టిక్కు, కింద 1,500 రూపాయలు. వెనకే మెసేజ్, "పే చేశానండీ, ఈరోజే పంపేయండి ప్లీజ్, ఆదివారం ఫంక్షనుంది." బ్యాంకు నుంచి మెసేజ్ మాత్రం రాలేదు. సర్వర్ నెమ్మదిగా ఉందేమో అనుకుంటూ ఆమె ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి కుర్రాడి వైపు చూసింది. "మేడం, ఇంకా నాలుగు పికప్‌లున్నాయి" అన్నాడతను. కవరు అతని చేతిలో పెట్టేసింది. రాత్రి లెక్క చూసుకుంటే ఆ పదిహేనొందలు ఎక్కడా లేవు. ఆ ఫొటో ఎవరో ఫోన్‌లో తయారుచేసింది.

ఇలాంటి దెబ్బ ఒకటి తగిలాకే చాలామందికి పేమెంట్ గేట్‌వే, అంటే ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకుని అమ్మేవాళ్ల ఖాతాకి చేర్చే సేవ, గుర్తొస్తుంది. వెంటనే అడిగే ప్రశ్న, "ఎంత కోస్తారు?" అడగాల్సిందే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది: రేపు ఏదైనా తేడా వస్తే డబ్బు, కొనుగోలుదారుల జాబితా, దుకాణం చిరునామా, ఈ మూడింట్లో అమ్మేవాళ్ల చేతిలో ఉండేవి ఎన్ని? చిన్న ఆన్‌లైన్ దుకాణం పెట్టేవాళ్లు అర శాతం, పావు శాతం తేడాల కోసం వారాల తరబడి వాకబు చేసి, ఈ మాట మాత్రం అడగకుండానే సంతకం పెట్టేస్తున్నారు.

ముందు కోత సంగతే చూద్దాం. యూపీఐ 2016లో వచ్చింది. 2020 జనవరి 1 నుంచి దానిమీదా, రూపే డెబిట్ కార్డుల మీదా వ్యాపారి దగ్గర ఎండీఆర్ (చెల్లింపు అందుకున్నందుకు కోసే రుసుము) వసూలు చేయకూడదని కేంద్రం నిర్ణయించింది. అందుకే క్యూఆర్ కోడ్ మీద వేసిన 1,500 పైసా తగ్గకుండా ఖాతాలో పడుతుంది. గేట్‌వే పెట్టుకున్నాక యూపీఐ చెల్లింపుల్లోనూ కోత కనిపిస్తుంది. "యూపీఐ ఫ్రీ అన్నారుగా?" అని చాలామంది అక్కడే కంగారుపడతారు. గేట్‌వే తీసుకునేది ఎండీఆర్ కాదు, తన వేదికను వాడుకున్నందుకు ఫీజు. ఇలాంటి గేట్‌వేల్లో ఒకటైన రేజర్‌పే మామూలు రేటు 2 శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ. అంటే 1,500 రూపాయల చీరకి 30 రూపాయలు, జీఎస్టీ 5 రూపాయల 40 పైసలు. చేతికొచ్చేది 1,464 రూపాయల 60 పైసలు. నెలకి వంద చీరలు అమ్మితే 3,540 రూపాయలు. చీరకి మిగిలేది రెండొందలైతే, వందలో సుమారు పద్దెనిమిది చీరల లాభం అటే పోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే పన్ను భాగం క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, లేకపోతే అదీ ఖర్చే.

ఇంత ఇచ్చి ఏం కొంటున్నట్టు? డబ్బు నిజంగా వచ్చాకే ఆర్డరు ఖరారవుతుంది, ఏ ఆర్డరుకి ఏ చెల్లింపో దానంతటదే జతపడుతుంది, స్క్రీన్‌షాట్‌తో పనే ఉండదు. రోజుకి నాలుగైదు ఆర్డర్లు వచ్చేవాళ్లకి ఇది అవసరమా అంటే, లేదనే చెప్పాలి. వాళ్లకి క్యూఆర్ కోడు, ఒక నోటుపుస్తకం, "బ్యాంకు యాప్‌లో కనపడితేనే పార్సిల్ కడతా" అన్న పట్టుదల చాలు. ఆర్డర్లు ఇరవైకి చేరి, ఏ సుజాతగారు ఏ 850 వేశారో అర్ధరాత్రి వెతుక్కునే రోజు వచ్చినప్పుడు గేట్‌వే ఫీజు దండగ అనిపించదు.

డబ్బు చేతికొచ్చే రోజు కూడా లెక్కలోదే. క్యూఆర్ మీద అప్పటికప్పుడు పడేది, గేట్‌వే ద్వారా మామూలుగా రెండు పనిదినాలు తీసుకుంటుంది. శనివారం అమ్మిన చీర డబ్బు మంగళవారం దాకా రాకపోవచ్చు. మగ్గం దగ్గర సోమవారమే కట్టాలంటే మంగళవారం దాకా చేబదులు తెచ్చుకోవాలి. ఈలోగా ఆ డబ్బు ఎక్కడుంటుందన్నది రిజర్వ్ బ్యాంక్ 2020 మార్చిలోనే తేల్చింది: ఈ గేట్‌వే సేవలిచ్చే పేమెంట్ అగ్రిగేటర్లు వ్యాపారుల సొమ్మును బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉంచాలి, తమ ఖర్చులకి వాడుకోకూడదు. అనుమతి పొందిన సంస్థల జాబితా రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్లో ఉంటుంది. ఫోన్ చేసి "ఒక్క శాతానికే ఇస్తాం సార్" అనే ఏజెంటు చెప్పిన పేరు ఆ జాబితాలో లేకపోతే మాట అక్కడితో ఆపేయాలి.

ఇక దుకాణం ముఖద్వారం. ఇక్కడ ఫీజుల మీద ఫీజులుంటాయి. కెనడాలో 2006లో మొదలైన షాపిఫై దుకాణాన్ని గంటల్లో నిలబెట్టేస్తుంది. అయితే దాని సొంత చెల్లింపుల సేవ భారత్‌లో లేదు. బయటి గేట్‌వే తగిలించుకోవాల్సిందే. అలా తగిలించుకున్నందుకు బేసిక్ ప్లాన్‌లో షాపిఫై మరో 2 శాతం తీసుకుంటుంది, నెల అద్దె కాక. అదే వంద చీరల మీద ఇది ఇంకో 3,000. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌కి అలాంటి కోత లేదు, సాఫ్ట్‌వేర్ ఉచితం. కానీ హోస్టింగ్ కొనాలి, అప్‌డేట్లు చేయాలి, పండగ ముందు రోజు సైటు పడిపోతే లేపే మనిషి కావాలి. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే వూకామర్స్, లేకపోతే అద్దె దుకాణం. ఈ విషయంలో ఇంతకంటే తర్జనభర్జన అక్కర్లేదు.

ఆలోచించాల్సింది తలుపు మూసుకుపోయే రోజు గురించి. 2021 ఏప్రిల్ 1న పేపాల్ భారత్‌లో దేశీయ చెల్లింపులు ఆపేసింది. బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు చిన్న దుకాణాలకి ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో మూసేసింది. విజిటింగ్ కార్డు మీద, ఆటో వెనక, సంచుల మీద అచ్చేయించుకున్న చిరునామాలు కొన్నాళ్లకి ఎక్కడికీ వెళ్లని దారులయ్యాయి. అదే ఏడాది జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంక్ మీద రిజర్వ్ బ్యాంక్ ఆంక్షలు పెట్టింది. అమ్మకాల డబ్బు ఆ బ్యాంకు ఖాతాలోకి వచ్చేలా పెట్టుకున్న వ్యాపారులు మార్చి 15 లోగా వేరే బ్యాంకు చూసుకోవాల్సి వచ్చింది. ఈ మూడు సందర్భాల్లోనూ చిన్న దుకాణదారు చేసిన తప్పేమీ లేదు. నిర్ణయం ఎక్కడో జరిగింది, సర్దుకోవాల్సింది మాత్రం వీళ్లు.

ఇలాంటి రోజున ఎవరు నిలబడతారో డొమైన్, అంటే సైటు చిరునామా, చెబుతుంది. డాట్ ఇన్ చిరునామా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాన్ని దుకాణదారే సొంత ఈమెయిల్‌తో, సొంత పేరున కొనాలి. జరిగేది వేరు. సైటు కట్టే కుర్రాడు "అవన్నీ నేను చూసుకుంటానక్కా" అని తన ఖాతాలోంచి కొనేస్తాడు. మోసం చేద్దామని కాదు, పని తొందరలో. రెండేళ్లకి అతను ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు, నంబరు మారుతుంది, రెన్యువల్ మెసేజ్ అతని పాత మెయిల్‌కి వెళుతుంది. ఒక ఉదయం దుకాణం తెరుచుకోదు. డొమైన్ సొంతమైతే షాపిఫై పోయినా వూకామర్స్ వచ్చినా పాత కస్టమర్లు అదే గుమ్మంలోకి వస్తారు. ఇన్‌స్టాగ్రామ్ పేజీకి ఈ భరోసా లేదు. హ్యాకైతే యాభై వేల ఫాలోవర్లు ఒక్క రాత్రిలో పోతారు. అందుకని ఆర్డరిచ్చిన ప్రతి మనిషి పేరు, నంబరు నెలకోసారి ఫైలుగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. షాపిఫై, వూకామర్స్ రెండూ ఇందుకు వీలిస్తాయి. పెద్ద మార్కెట్ సైట్లలో అమ్మితే కొన్నవాళ్లు ఆ సైటుకే కస్టమర్లుగా ఉండిపోతారు.

ఇంకో ప్రమాదం బ్యాంకు ఖాతాది. సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, పోలీసులు ఆ సొమ్ము ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకి పోయిందో పట్టుకుంటూ వెళతారు. మోసగాడు అదే డబ్బుతో చీర కొని ఉంటే, ఏ పాపం ఎరుగని అమ్మకందారు ఖాతా కూడా స్తంభించిపోవచ్చు. వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆపాలని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులకు చెప్పినా, మొత్తం ఖాతా ఆగిపోయిన ఉదంతాలు తర్వాతా వింటూనే ఉన్నాం. పిల్లల ఫీజులు, గ్యాస్ బుకింగ్, వ్యాపారం అన్నీ ఒకే సేవింగ్స్ ఖాతాలో నడిపే ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. అమ్మకాలకి వేరే కరెంట్ ఖాతా తీసుకోవాల్సింది ఇందుకే.

పన్ను విషయంలో తెలుగువాళ్లకి ప్రత్యేకమైన చిక్కొకటుంది. వస్తువుల అమ్మకానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. అయితే పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే ఆ పరిమితులు లెక్కలోకి రావు. నోటిఫై చేసిన కొన్ని చేతివృత్తుల వస్తువులకి తప్ప రిజిస్ట్రేషన్ ఉండాలి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లే పచ్చడి సీసా కూడా రాష్ట్రం దాటినట్టే. చుట్టాలకి పంపినట్టే పంపుతున్నామనుకునే వాళ్లకి ఈ సంగతి నోటీసు వచ్చాకే తెలుస్తోంది. కర్ణాటకలో 2025 జూలైలో యూపీఐ లెక్కల ఆధారంగా పన్నుల శాఖ నోటీసులిస్తే, బెంగళూరులో చిన్న దుకాణాలవాళ్లు క్యూఆర్ కోడ్‌లు తీసి నగదు అడగడం మొదలుపెట్టారు. ఆన్‌లైన్ దుకాణానికి ఆ దారి లేదు. కాబట్టి ఏ రాష్ట్రానికి ఎంత అమ్మారో విడివిడిగా బిల్లు తీసే సేవనే ఎంచుకోవాలి.

విదేశాల్లోని తెలుగువాళ్లకి అమ్మేవాళ్లు విదేశీ కార్డుల అనుమతి వేరుగా తీసుకోవాలి, కోత కూడా ఎక్కువే ఉంటుంది, ఎగుమతికి ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) నంబరు కావాలి. దేశంలో అయితే "సీఓడీ ఉందా అండీ?", అంటే సరుకు అందాక డబ్బిస్తే సరేనా అన్న ప్రశ్న తప్పదు. తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చిన పార్సిల్‌కి రానూపోనూ కొరియర్ ఖర్చు అమ్మినవాళ్లదే. వంద రూపాయలు ముందు వేయించుకుని మిగతాది సీఓడీ పెట్టడమే మధ్యేమార్గం.

గేట్‌వే ఖాతా తెరవాలంటే సైటులో రిఫండ్, షిప్పింగ్, షరతుల పేజీలు ఉండాలి. వాటిని ఎక్కడినుంచో కాపీ కొట్టి అతికించేస్తున్నారు. పొందూరు ఖద్దరు అమ్మే సైటులో వివాదాలకి ముంబై కోర్టులని ఉంటే ఏ కస్టమర్ నమ్ముతుంది? ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ పేజీలు సొంత మాటల్లో, తెలుగులో కూడా రాసుకోవడం గంట పని.

గేట్‌వే సంస్థలకీ ఇదే మాట చెప్పాలి. యాప్‌లు తెలుగులో పలకరిస్తాయి, ప్రకటనలు తెలుగులో వస్తాయి, డబ్బు ఎప్పుడు నిలిపివేస్తారో చెప్పే ఒప్పందం మాత్రం ఇంగ్లిషులో పేజీల కొద్దీ ఉంటుంది. పదో తరగతి చదివి నెలకి లక్షన్నర అమ్ముతున్న మహిళ చేత చదవలేని కాగితం మీద "ఐ అగ్రీ" నొక్కించడం అన్యాయం. కోత ఎంత, డబ్బు ఎన్నాళ్లకి వస్తుంది, ఎప్పుడు ఆపుతారు, ఆపితే ఎవరిని అడగాలి: ఈ నాలుగూ తెలుగులో ఒక పేజీలో ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ పట్టుబట్టాలి.

అది వచ్చేదాకా దుకాణం తెరిచే ముందు ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. పది రూపాయలకి ఒక వస్తువు సైటులో పెట్టి, ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి శుక్రవారం రాత్రి కొనాలి. ఆ డబ్బు ఖాతాలో ఏ రోజు, ఎంత పడిందో రాసుకోవాలి. తర్వాత రిఫండ్ చేసి, తిరిగి చేరడానికి ఎన్ని రోజులు పట్టిందో, మొదట కోసుకున్న ఫీజు వెనక్కిచ్చారో లేదో చూడాలి. చాలా గేట్‌వేలు ఇవ్వవు. చివరగా హెల్ప్‌లైన్‌కి ఆదివారం ఫోన్ చేసి, అవతల మనిషి గొంతు వినిపించడానికి ఎన్ని నిమిషాలైందో గడియారం చూసుకోవాలి.