విమాన భయానికి మందు కోఠి దుకాణంలో లేదు

అమెరికాలోని పిల్లల దగ్గరకు బయలుదేరే ముందు, విమానంలో భయం వేయకుండా అంటూ కోఠి మందుల దుకాణాలలో అల్ప్రజోలం అడిగే పెద్దలున్నారు. ఇది చికిత్స కాదు. ఆ మాత్ర షెడ్యూల్ హెచ్-1లో ఉన్నది. వైద్యుని చీటీ లేకుండా అడగడం తప్పు, ఇవ్వడం నేరం. వృద్ధులు దానివల్ల తూలిపడవచ్చు, అయోమయంలో పడవచ్చు. మద్యంతో కలిస్తే అది శ్వాసనే అణచివేస్తుంది. గంటల తరబడి కదలకుండా మత్తులో కూర్చుంటే కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

భయపడేవారిని ఎగతాళి చేయడమూ తప్పే. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలోని 242 మందిలో 241 మంది మరణించారు. ఆ దృశ్యాలు చూసినవారికి గుండె దడ సహజం. అయితే 2022లో మన దేశపు రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది, అంటే రోజుకు సుమారు 460 మంది మరణించారు. అయినా శంషాబాద్ దాకా కారులో నిశ్చింతగానే వెళ్తాము! భయం లెక్కలను చూడదు, దృశ్యాలను చూస్తుంది. కనుక లెక్కలు వల్లించి దానిని పోగొట్టలేము. మాత్రతో కప్పిపెడితే మరుసటి ప్రయాణానికి మళ్లీ లేస్తుంది.

భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనడం నేర్పే ప్రవర్తనా చికిత్స ఉన్నది. "ఎర్రగడ్డకా?" అని నవ్వేవారిని నవ్వనివ్వండి. టికెట్ కొన్ననాడే మానసిక వైద్యుని కలవండి. ఇప్పటికే వైద్యుడు రాసిన మాత్రలను మాత్రం హఠాత్తుగా మానకండి.