సిస్టమ్ మొరాయిస్తే మీరేం చేస్తారు?

కొత్త ఉద్యోగం. మూడింటికల్లా రిపోర్టు పంపాలి. రెండున్నరకు తెర నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది. పక్కవాళ్లని అడిగితే ఏమనుకుంటారో! మేనేజర్‌కి చెబితే మన తప్పే అంటారేమో! ఈ భయంతోనే చాలామంది ఫ్రెషర్లు ఎవరికీ చెప్పకుండా పదేపదే రీస్టార్ట్ చేస్తూ కూర్చుంటారు. యంత్రం పాడవడం మీ తప్పు కాకపోవచ్చు. దాచిపెట్టిన అరగంట మాత్రం మీ ఖాతాలోనే పడుతుంది.

ఇలాంటి తిప్పలు పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రత సంస్థ పంపిన అప్‌డేట్‌లో లోపం వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా. ఆ అప్‌డేట్‌ను 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నారు. అయినా అప్పటికే ఆగిపోయినవాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది. విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్ని రద్దయ్యాయి. కానీ మన హైదరాబాద్‌లో విమానయాన సిబ్బంది పెన్ను పట్టి, బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. పాస్ మీద ఏమేం ఉండాలో తెలుసు కాబట్టే రాయగలిగారు. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో తెలిస్తే చాలదు, ఆ బటన్ వెనక పనేంటో తెలియాలి.

మరి మీ వంతు వస్తే? ముందు తెర మీద ఉన్న ఎర్రర్ మెసేజ్ చదివి, కాగితం మీద రాసుకోండి. సమస్య మీ ఒక్కరిదేనా, అందరిదా కనుక్కోండి. వెంటనే ఐటీ విభాగానికీ, పై అధికారికీ చెప్పండి. ‘సార్, సిస్టమ్ పోయింది’ అని ఊరుకోవద్దు. ‘రెండున్నరకు ఆగిపోయింది. ఒకసారి రీస్టార్ట్ చేశాను, రాలేదు. మూడింటి రిపోర్టు ఆలస్యమవుతుంది. వేరే సిస్టమ్ ఇప్పిస్తే నాలుగింటికి ఇవ్వగలను’ అనండి. ఎదుటివారికి సమస్యతోపాటు దారి కూడా కనిపిస్తుంది.

కంగారులో రెండు పనులు మాత్రం చేయొద్దు. ఆఫీసు ఫైళ్లను సొంత మెయిల్‌కో, వాట్సాప్‌కో పంపుకోవద్దు. ‘సపోర్ట్ టీమ్ నుంచి’ అంటూ ఎవరో ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పొద్దు, వాళ్లు పంపిన యాప్ వేసుకోవద్దు. జులై ఘటన తర్వాత ఇలాంటి మోసగాళ్లు బయల్దేరారని సెర్ట్-ఇన్ హెచ్చరించాల్సి వచ్చింది.

‘డెడ్‌లైన్‌కు గంట ముందు సిస్టమ్ క్రాష్ అయితే?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, వాళ్లు చూసేది మీ టెక్నికల్ పరిజ్ఞానం ఒక్కటే కాదు. మీరు నిజం దాస్తారా, చెబుతారా అన్నది కూడా.

దీనికి సాధన ఉద్యోగం వచ్చాక మొదలుపెట్టేది కాదు. మీ ఫైనలియర్ ప్రాజెక్టు ఫైలు ఇప్పుడు ఎన్నిచోట్ల ఉంది? మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల్లో, అందులో ఒకటి వేరేచోట... ఐటీ రంగం ఏళ్లుగా పాటిస్తున్న సూత్రమిది. మీ ల్యాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉందా? అయితే ఈ పేజీ మడిచి పక్కన పెట్టి, ముందు ఆ పని చూడండి.